రజియా గారి బుగ్గలో మచ్చ

గుడివాడలో నా క్లినిక్‌కి వచ్చినవాళ్లు నోరు తెరవగానే ఒక్కోసారి జర్దా కిళ్లీ వాసన గుప్పుమంటుంది. మా నర్సు మొహం పక్కకి తిప్పుకుంటుంది. నాకు మాత్రం బందరు గుర్తొస్తుంది, రజియా గారు గుర్తొస్తారు. చదువు పూర్తయినా పళ్ల డాక్టరునని బోర్డు పెట్టుకునే ధైర్యం లేని రోజుల్లో నన్ను తన దగ్గర పెట్టుకుని పని నేర్పారావిడ. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. కిళ్లీ నమిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆవిడ మాత్రం వాళ్లని ఒక్క మాట అనేవారు కాదు.

పన్ను నొప్పని వచ్చినవాళ్లని కూడా నోరంతా చూడనిదే పంపేవారు కాదు. నాలుక కింద, బుగ్గల లోపల, చిగుళ్ల వెనక టార్చి వేసి, పోయిన చెవిపోగు కోసం వెతికినట్టు వెతికేవారు. కిళ్లీ తింటారా అని ముందుగా అడిగేవారు కాదు. ఆ ప్రశ్నకి మా వైపు ఎర్రటి పళ్లతోనే లేదని చెప్తారు. "ఆవకాయ మంటగా ఉంటోందా? ముద్ద ఇదివరకటిలా పడుతోందా?" అని అడిగేవారు. తిండి సంగతి ఎవరూ దాచరు. గూడూరు నుంచి వచ్చిన ఒకావిడ, "వేడి చేసిందమ్మా, పెరుగన్నమే తింటున్నా" అంటే, "ఇన్నాళ్లు ఉండే వేడి ఏంటి పిన్నీ? ఏదీ, చూడనీ" అంటూ దీపం దగ్గరికి లాక్కున్నారు.

నాంచారయ్య వచ్చింది కూడా దవడ పన్ను పీకించుకోవడానికే. దివిసీమలో చేపల వేలంలో ధరలు కేక వేసే మనిషి. ఆయన కేక మొదలుపెడితే కాకులు కూడా దూరంగా వాలతాయని ఆయన భార్య లక్ష్మి చెప్పింది. రజియా గారు అలవాటు ప్రకారం నాలుక పక్కకి తిప్పారు. అంచున చిన్న పుండు, దాని చుట్టూ తెల్లగా ఉంది. వేలితో తడిమితే గట్టిగా తగిలింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి బాబాయ్?"

"అదా? సున్నానికి పొక్కిందమ్మా. మా కొట్టువాడు మరీ దట్టంగా రాస్తున్నాడు. అందుకే కొట్టు మార్చేశా."

"మార్చాక మానిందా?"

"లేదు. ఈ కొత్తవాడూ అట్టాగే ఉన్నాడు. ఇంకో కొట్టు చూసుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "రెండు వారాలు దాటినా మానని పుండుని సున్నం మీదకి నెట్టకూడదు బాబాయ్. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం" అన్నారు.

ఆ మాటతో ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "వద్దమ్మా. కత్తి తగిలితే పాకుద్ది. మా అన్నకి అట్టాగే కోశారు, పోయాడు. నా బతుకంతా ఈ నాలుక మీదేనమ్మా. నా కేక ఆగిపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

నేను చదువుకున్నదంతా వల్లె వేయబోయాను. ఆయన చెప్పుల కోసం చూస్తున్నాడు. లక్ష్మి గుమ్మంలో నిలబడి మా మొహాలు చూస్తోంది. అప్పుడు రజియా గారు మాస్కు తీసేసి, రోగి కుర్చీలో తను కూర్చుని, టార్చి ఆయన చేతిలో పెట్టారు.

"ముందు నా నోరు చూడు బాబాయ్." వేలితో బుగ్గ లాగి పట్టుకున్నారు. లోపల తెల్లటి గీతలాంటి మచ్చ ఉంది. "పెళ్లయిన కొత్తలో మా అత్తగారి పక్కన కూర్చుని కిళ్లీ మొదలుపెట్టా. పళ్ల డాక్టర్నయి ఉండి కూడా మానలేకపోయా. ఇక్కడ తేడాగా కనపడితే ముక్క తీశారు, తర్వాత అంతా తీసేశారు. అప్పటికి మా అబ్బాయి ఇంకా పుట్టలేదు. వాడికిప్పుడు సంబంధాలు చూస్తున్నాం. ఏదీ, పాకిందా?"

నాంచారయ్య ఆ మచ్చని చాలాసేపు చూశాడు. అన్నాళ్లు పక్కనే పనిచేసిన నేనూ అప్పుడే చూశాను.

"మరి నా కేక?" అన్నాడు మెల్లగా.

"దాని మీద మాటివ్వలేను. చిన్నగా ఉండగా తీస్తే నాలుక చాలావరకు మిగులుద్ది. నువ్వు ఇంకో కొట్టు మార్చేదాకా ఆగితే ఏం మిగులుద్దో నాకు తెలీదు."

ఆయన టార్చి తిరిగిచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

పరీక్షలో ఆవిడ భయపడినట్టే క్యాన్సరని వచ్చింది. కానీ మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ రోజున ఆవిడ క్లినిక్ మూసేసి లక్ష్మి పక్కన కూర్చున్నారు. గాయం మానాక ఆయన నాలుక మొండికేసింది. ఆవిడ క్లినిక్‌లోనే కూర్చోబెట్టి ధరలు కేక వేయించేవారు. బయట కూర్చున్నవాళ్లు లోపల ఎవరికో పన్ను పీకుతున్నారనుకుని హడలిపోయేవారు.

ఆయన మళ్లీ వేలానికి దిగిన రోజు ఇద్దరం వెళ్లాం. మొదటి కేక గొంతులోనే తడబడింది. వ్యాపారులు ఒక్కరూ తొందరపెట్టలేదు. రెండోసారి కేక బయటికి వచ్చింది, కాస్త ముద్దగా, కానీ ఆయనదే. రజియా గారు అంతమందిలో ఏడ్చేశారు. వేలం అయ్యాక అదే గొంతుతో ఆయన, "కిళ్లీలోళ్లంతా ఇటు రండహో! డాక్టరమ్మ గారు నోళ్లు చూత్తారు!" అని అరిచాడు. ఐసు పెట్టెల పక్కనే వరస కట్టారు. ఆవిడ చూశారు, నేను టార్చి పట్టాను.

రజియా గారు ఇప్పుడు లేరు. గుండె జబ్బుతో పోయారు. ఆవిడని తలుచుకోని రోజు నాకు లేదు. ముక్క తీయాలంటే మొన్న ఒక పెద్దాయన, కత్తి తగిలితే పాకుద్దంటూ లేచాడు. చూపించడానికి నా బుగ్గలో మచ్చ లేదు. నాంచారయ్యకి ఫోన్ కలిపి ఆ పెద్దాయన చేతికిచ్చాను. అవతలి గొంతు గదంతా వినపడింది.

"నేను మాట్టాడతన్నాగా అన్నా. వినపడతందా? అయితే కూర్చో."