అసలు దెబ్బ

ఫట్‌మని ఎముక విరిగిన చప్పుడు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక, రికార్డింగ్ గదిలో తెర ముందు క్యాబేజీని రెండు చేతులతో మెలిపెడుతూ చప్పుళ్లక్క కనిపిస్తుంది. సినిమాలకు చప్పుళ్లు చేయడం ఆమె పని. చెప్పులు విప్పి, ఉంగరం తీసి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. తెర వెలుగు ఆమె ముఖం మీద నీళ్లలా కదులుతుంటుంది. తెర మీద చెయ్యి లేవగానే ఆమె చెయ్యీ లేస్తుంది. ఈ సినిమాలో జనం కంప్యూటర్ ఆట కళ్లజోడు పెట్టుకుని లేని లోకంలోకి వెళ్లి ఒకరినొకరు చంపుకుంటారు. ఆ నూరు చావులకూ చప్పుడు క్యాబేజీలదే. చివర్లో మాత్రం హీరో కళ్లజోడు తీసేసి, మొదటిసారి నిజం మనిషిని కొడతాడు. ఆ ఒక్క దెబ్బే పొద్దుటినుంచీ కుదరడం లేదు.

"ఇదీ ఆటలో దెబ్బలాగే ఉందక్కా. ఇక ఈ చప్పుడు కంప్యూటర్‌లోంచి తీసుకుంటాలే" అన్నాడు దర్శకుడు. "ఇరవై ఏళ్లుగా చప్పుళ్లు చేస్తున్న చేతులయ్యా ఇవి!" అంటూ ఆమె ఉక్రోషం పట్టలేక మైకు ముందే గుండెల మీద గుద్దుకుంది. దబ్బుమని చిన్న చప్పుడు, దాని వెంటే తెగిన ఊపిరి. దర్శకుడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అదే! అక్కా, అదే! ఇంకొక్కసారి!"

ఆమె ఛాతీ రుద్దుకుంటూ పకపకా నవ్వింది. "రికార్డయిందిగా, దాన్నే వాడుకో తమ్ముడూ. ఇందాక ఒళ్లు మండి కొట్టుకున్నా. ఇప్పుడెంత గుద్దుకున్నా సంతోషమే వినిపిస్తుంది!"