గాలి ఎండింది

లక్ష్మీరాజం అన్న దృష్టిలో లోకంలో ఎవరూ తప్పు చేయరు. ఏ తప్పు జరిగినా గాలిదే. గాలిలో తేమ తగ్గితే మగ్గం మీద పోగు తెగుతుందని మేం బతుకుదెరువుకు వలసొచ్చిన లింబాయత్‌లో పవర్‌లూమ్ నడిపే ప్రతివాడికీ తెలుసు. ఆయన ఆ సంగతిని కారఖానా గడప దాటించి రైళ్లకూ, రాజకీయాలకూ, సంసారాలకూ తగిలించాడు.

కాజీపేట రైలు ఆలస్యమైందా, గాలి ఎండింది. పప్పు మాడిందా, గాలి ఎండింది. ఒకసారి ఐలమ్మ వదినె విసిగిపోయి, "గాలి గాదు, నేనే ఫోన్ల మాట్లాడుకుంట పొయ్యి మీద మర్సిన" అని తనంతట తానే ఒప్పుకుంది. ఆయన మాడిన పప్పు ఇంకో గరిటె వేసుకుని, ఫోన్‌లో మాట్లాడితే నోరు ఎండుతుందనీ, నోరెండితే ఇంట్లో గాలీ ఎండుతుందనీ వివరించాడు.

మాతో పనిచేసే కనకయ్య ఒకరోజు అడ్డపోగుకు నీలం పేక బదులు ఎరుపు పేక పెట్టి నలభై మీటర్లు నేశాడు. సేఠ్ అరుచుకుంటూ వచ్చాడు. అన్న పైకప్పు వంక చూసి, "హవా సూఖీ హై, సేఠ్" అన్నాడు. గాలి ఎండితే నీలం ఎరుపెట్లా అవుతుందో సేఠ్‌కు అంతుబట్టలేదు. కానీ చెబుతున్నది ముప్పై ఏళ్లుగా మగ్గాలు చూస్తున్న మాస్టర్. కాసేపు ఆలోచించి, నేల తడపమని పురమాయించి వెళ్లిపోయాడు. మేం రెండు రోజులు నవ్వుకున్నాం.

ఇంత తేమ పిచ్చి ఉన్నవాడికి తగ్గ మొక్కే దొరికింది. సముద్రం ఒడ్డున డుమస్ దగ్గర ఒక బంగళా తోటమాలి కుళ్లిందని పారేస్తున్న కాండం ముక్కను తెచ్చి, నూనె డబ్బా కోసి, కొబ్బరి పీచులో నాటాడు. అది కొలంబియా అడవుల ఆంథూరియం, మన చేమకు దూరపు చుట్టమట. మఖమల్ లాంటి ముదురు ఆకు, తెల్లటి ఈనెలు, మూరెడు పొడుగున వేలాడుతుంది. తేమ చాలకపోతే కొత్త ఆకు తన పొరలోనే ఇరుక్కుపోతుంది. అందుకని చుట్టూ తడి గోనెలు కట్టాడు. ప్రతి ఆదివారం నన్ను దాని ముందు కూర్చోబెట్టి ఆకు ఆకుకూ చరిత్ర చెప్పేవాడు. నాకు వినడంలో విసుగు లేదు. అడిగి అడిగి ఆ మొక్క సంగతంతా నేర్చుకున్నాననుకున్నాను. అదే కొంప ముంచింది.

మే నెలలో వాళ్లు జోల్వాలో పెళ్లికి పోతూ తాళంచెవి నాకిచ్చారు. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న ఆకు అప్పుడే తొంగిచూస్తోంది.

"తడుపుడే తమ్మీ, ముట్టకు," అన్నాడు అన్న.

రెండో రోజు ఆకు కొస పొరలో చిక్కుకుని కనబడింది. ఇరవై ఏళ్లుగా మగ్గం మీద పోగులు విడదీసిన చేయి, చిక్కు కనబడితే ఆగదు. జేబులోంచి పోగులు లాగే సన్న కొక్కెం తీశాను. చిక్కయితే వదిలింది. ఆకు మాత్రం నడిమికి చీలింది.

వాళ్లు రాగానే నేనేమీ ముట్టలేదన్నాను. ఎవరూ అడగకముందే అన్నాను. ఆయన ఆకును చాలాసేపు చూసి, గాలి ఎండిందన్నాడు. పైగా ఎండల్లో నాకు భారం పెట్టానని నొచ్చుకున్నాడు. ఐలమ్మ వదినె బల్లిని అనుమానించి వారం రోజులు చీపురుతో వేటాడింది. ఆ బల్లి ఎదురుపడితే నేను తలదించుకునేవాణ్ని. ఆదివారాలు వాళ్లింటికి పోవడం మానేసి, అడిగినవాళ్లకు ఒంట్లో బాగాలేదన్నాను. అది విని ఆయన తడి గోనె తెచ్చి మా కిటికీకి కట్టిపోయాడు. ఆ చల్లగాలి తగిలినప్పుడల్లా సిగ్గుతో ఒళ్లు మండేది.

జూన్‌లో వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం కారఖానాలో, నా కొక్కెం ఎక్కడో పోయిందని కనకయ్యను అడుగుతుంటే, అన్న తన జేబులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పిడికి నేను చుట్టుకున్న పచ్చదారం అట్లాగే ఉంది.

"మొక్క డబ్బాల దొరికింది."

"ఎప్పుడన్నా?"

"జోల్వ నుంచి వచ్చిన్నాడే."

"ఆకు చింపింది నేనే అన్నా. అబద్ధమాడిన."

పక్కన కనకయ్య, ఎరుపు పేక గుర్తొచ్చిందేమో, తల వంచుకున్నాడు.

అన్న పైకప్పు వంక చూశాడు. రేకుల మీద వాన దంచుతోంది. గోడలు చెమ్మగిల్లి సున్నం రాలుతోంది.

"గాలి ఎండింది, తమ్మీ," అన్నాడు. ఆ తర్వాత ఇంటి తాళంచెవి తీశాడు. "ఐతారం మేం డుమస్ పోతున్నం. కొత్త ఆకు షురువైంది. జర చూడు."

తాళంచెవి తీసుకున్నాను. కొక్కెం మాత్రం తిరిగి ఆయన జేబులోనే పెట్టాను.