బొటనవేలికి పాఠం

వైద్యం చెయ్యాల్సిన వాణ్ణి వాద్యంలో వేలు పెట్టాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దీన్ని మించింది లేదని మా ఆవిడ అంటుంది. తక్కినవి తనకి తెలియవు కాబట్టి అలా అంటుంది గానీ, ఈ ఒక్క విషయంలో ఆ మాట నిజమే. ఒక దేశానికి గిటారు నేర్పిన మనిషికి నేను గిటారు నేర్పాను. ఒకరోజు కాదు, నాలుగు నెలలు. అది గుర్తొస్తే ఇప్పటికీ స్టెతస్కోపు లేకుండానే నా గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది.

డెబ్భై ఎనిమిదిలో మేము వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఊరికి వెళ్ళాం. బొగ్గు గనుల ఊరు. అక్కడి క్లినిక్‌లో కీళ్ళ నొప్పులు చూసే డాక్టర్ని నేనొక్కణ్ణే. ఇంకో తెలుగువాళ్ళ ఇల్లు చూడాలంటే రెండున్నర గంటలు డ్రైవ్ చెయ్యాలి. మా సామాన్లతో పాటు ఒక వీణ కూడా వచ్చింది. అది నాది. చిన్నప్పుడు విజయనగరంలో మా మేనత్త దగ్గర నాలుగేళ్ళు నేర్చుకున్నాను. ఆ నాలుగేళ్ళలో సరళీ స్వరాలతో మొదలుపెట్టి గీతాల దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాను. తర్వాత జరిగినదంతా విని మా ఆవిడ, "గీతం దాటలేదు గానీ గీత మాత్రం దాటారు" అంది.

ఆ గిటారు పెద్దావిడ మొదటిసారి క్లినిక్‌కి వచ్చింది ఎనభయ్యో సంవత్సరం జనవరి చివర్లో. డెబ్భై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చేసిన పువ్వుల గౌనులో నిటారుగా కూచుంది. కుడిచేతి బొటనవేలు మొదట్లో కీలు వాచి ఉంది. ఎక్స్‌రే తీస్తే లోపల అరిగిపోయి, ఎముక ఎముకతో నేరుగా మాట్లాడుకుంటోంది.

"ఈ చేత్తో ఏం పని చేస్తారు?" అని అడిగాను. ఆవిడ మాట్లాడింది కొండల ఇంగ్లీషు. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

"వంట, పూలమొక్కలు. అప్పుడప్పుడు గిటారు కాస్త గిల్లుతాను."

తలుపు దగ్గర ఫైళ్ళు సర్దుతున్న మా రిసెప్షనిస్టు చేతిలోంచి ఒక ఫైలు జారిపడింది. ఆ శబ్దానికి అర్థం ఉందని నాకు తోచలేదు.

బొటనవేలు కదలకుండా ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించాను. వచ్చే వారం గిటారు తెచ్చి వాయించి చూపిస్తే కీలు మీద ఎంత భారం పడుతోందో తెలుస్తుందన్నాను. ఇంతవరకు వైద్యమే.

వారం తిరిగాక ఆవిడ గిటారు తెచ్చింది. చెయ్యి ఆనే చోట రంగంతా పోయి చెక్క తేలింది. పట్టీ విప్పి వాయించమన్నాను. నాకు మతి పోయింది. బాగుందని కాదు. బొటనవేలితో లావు తీగల మీద పాట వరస పలికిస్తోంది, చూపుడువేలితో సన్న తీగల్ని కిందికీ పైకీ రాసి తాళం వేస్తోంది. వీణలో పాట పలికించేది చూపుడువేలు, నడిమివేలు. తాళం తీగలు మీటేది చిటికెనవేలు. బొటనవేలికి పనే లేదు. మా మేనత్త దగ్గర బొటనవేలు కదిపితే ఆ పూటకి పాఠం ఉండేది కాదు. అలాంటిది ఈవిడ అంతా తలకిందులుగా వాయిస్తోంది. పాపం, ఈ కొండల్లో గురువు దొరక్క తనకు తోచినట్టు నేర్చుకుంది కాబోలు అనుకున్నాను. జాలి కూడా వేసింది.

"మీ నొప్పికి కారణం దొరికింది," అన్నాను. "వేళ్ళు చెయ్యాల్సిన పని బొటనవేలు చేస్తోంది. పద్ధతే తప్పు."

ఆవిడ తన బొటనవేలిని చూసుకుంది. "అలాగా, డాక్టర్?"

"పట్టీ మళ్ళీ కడతాను, ఇక తియ్యకండి. వేళ్ళతో పాట పలికించడం నేను చూపిస్తాను. నాకు కాస్త ప్రవేశం ఉంది."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా అత్తయ్య దగ్గర."

"నేనూ ఇంట్లోనే," అంది పెద్దావిడ.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఆఖరి పేషెంటు ఆవిడే. పది నిమిషాలు కీలు, ఇరవై నిమిషాలు పాఠం. నేను కళ్ళు మూసుకుని, తలూపుతూ, తొడ మీద తాళం వేసేవాణ్ణి. పట్టీలో ఉన్నా బొటనవేలు తీగవైపు లాగేది.

"మళ్ళీ బొటనవేలు," అనేవాణ్ణి కళ్ళు తెరవకుండా.

"పాత అలవాటు, డాక్టర్."

"ఎన్నేళ్ళ అలవాటు?"

"అరవై ఉంటాయి."

"పోనీలెండి, ఇప్పటికైనా మానుకోవచ్చు."

బయటి గదిలోంచి నవ్వులు వినిపించేవి. గురువారాలు పేషెంట్లు పని అయిపోయినా ఇళ్ళకి వెళ్ళకుండా కూర్చోవడం నేను గమనించాను. సంగీతానికి మనుషులు ఎంత మొహం వాచి ఉన్నారో అని మా ఆవిడతో చెప్పాను కూడా. "మీరు పాడలేదు కదా?" అంది అనుమానంగా.

జూన్ మొదటి వారంలో ఒక గురువారం, ఇంకా పాఠం మొదలుకాక ముందు, నలభై ఏళ్ళ జపాన్ మనిషి ఒకాయన గిటారు పెట్టె పట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారట, నెల సెలవు పెట్టి మా ఊరు వచ్చాడట. గుమ్మంలోనే నడుము దాకా వంగి నమస్కారం పెట్టాడు.

"మీరేనా ఆ బొటనవేలిని చూసే డాక్టరు?"

"ఏ బొటనవేలు?"

ఆయన పెట్టెలోంచి ఒక పాత గ్రామఫోను రికార్డు అట్ట తీసి రెండు చేతులతో అందించాడు. వెలిసిపోయిన ఫోటో. కుర్చీలో ఒక అమ్మాయి, వెనక పొడుగాటి మనిషి ఒకడు, పక్కన గిటారు పట్టుకున్న ఇంకో అమ్మాయి. ఆ గిటారు నాకు తెలుసు. ఆ గిటారు మీద రంగు పోయిన చోట గత గురువారమే నేను వేలు పెట్టి చూపిస్తూ, చెయ్యి ఇక్కడ ఆన్చకూడదని చెప్పాను.

జపాన్ మాస్టారు నెమ్మదిగా చెప్పుకుపోయాడు. వీళ్ళు అన్నా, ఇద్దరు చెల్లెళ్ళూ. అన్న కొండలన్నీ తిరిగి ముసలివాళ్ళ నోట ఉన్న పాటలు పోగుచేసేవాడట. రికార్డింగు యంత్రం పక్క ఊరి గోదాంలోకి వచ్చిందని తెలిసి, వాగు దాటి వెళ్ళి పాడారట. అంతకు ముందు పాటల్లో గిటారుది వెనక వరసేనట, డప్పులా తాళం వెయ్యడమే దాని పనట. పాటని దాని నోటితో పలికించింది ఈ చిన్న చెల్లెలేనట. ఈ దేశంలో ఎవరు గిటారు పట్టుకున్నా, వాళ్ళ దేశంలో తాను పట్టుకున్నా, మొదట నేర్చుకునేది ఆ బొటనవేలి దెబ్బేనట. వేల మందికి నేర్పిన వేలు. దానికి నేను పట్టీ వేశాను.

రిసెప్షనిస్టుని లోపలికి పిలిచాను. "నీకు తెలుసా?"

"మా అమ్మ నన్ను నిద్రపుచ్చిందే రేడియోలో ఆవిడ పాటలతో, డాక్. కౌంటీ అంతా తెలుసు."

"మరి నాకు ఒక్కరూ చెప్పలేదేం?"

"ఆవిడ వద్దంది. చెప్పినవాళ్ళు జూన్‌లో వాళ్ళ పాటల ఆదివారానికి రానక్కర్లేదంది. ఎవరు మానుకుంటారు చెప్పండి?"

పెద్దావిడ లోపలికి వచ్చింది. జపాన్ మాస్టారు వంగిన నడుము ఎత్తలేదు. నేను పట్టీ విప్పి చూశాను. అప్పుడు తగిలింది అసలు దెబ్బ. నాలుగు నెలలు కట్టులో ఉన్న బొటనవేలు బిగుసుకుపోయింది. నొప్పి తగ్గింది, నిజమే. కదలడం కూడా సగానికి తగ్గింది. కీలు సంగతి చదువుకున్నాను గానీ కీలకమైన సంగతి కనుక్కోలేదు.

"మరి ఇన్నాళ్ళూ నా పాఠం ఎందుకు విన్నారు?" అన్నాను.

"మొదటి రెండు వారాలు సరదాకే. మీరు కళ్ళు మూసుకుని తలూపుతుంటే చూడ్డానికి బాగుండేది." గిటారు పక్కన పెట్టింది. "తర్వాత ఆలోచించాను. మా అక్కకి మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది. నర్సింగ్ హోములో ఉంటుంది. నీళ్ళు కావాలన్నా అడగలేదు. ఏడాదికోసారి జూన్ ఆఖరి ఆదివారం మా వాళ్ళ సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టి పాడుకుంటాం. ఆ రోజు తీసుకొస్తాం. నేను వాయిస్తే అక్క పాడుతుంది. మాటలన్నీ పలుకుతుంది. ఈ వేలు మా అక్క కన్నా ముందు రిటైరైపోతే ఎలాగని, మీ పద్ధతి నిజంగానే సాధన చేశాను. ప్రతి మంగళవారం హోముకి వెళ్ళి అక్క దగ్గర అలాగే వాయించాను."

"పాడిందా?"

"కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది."

మాట పోయినవాళ్ళకి పాట మిగలడం పుస్తకాల్లో చదివాను. అప్పటికి కళ్ళారా చూడలేదు. ఆదివారానికి మూడు వారాలుంది. పట్టీ చెత్తబుట్టలో పడేశాను. కీల్లోకి ఇంజెక్షన్ ఇచ్చాను. రోజూ వేడి మైనంలో ఆవిడ చెయ్యి ముంచి, నా వేళ్ళతో ఆ వేలిని మడిచి చాపి, మడిచి చాపి, ఏ వేలిని నాలుగు నెలలు తిట్టానో దాన్నే బతిమాలుకున్నాను. "మీ వల్ల ఆ అక్కగారి నోరు మూతపడితే మనం ఈ ఊళ్ళో ఉండగలమా?" అని మా ఆవిడ అడిగింది.

ఆ ఆదివారం కొండ మీద సమాధుల మధ్య చెట్లకింద బల్లలు వేసి, ఎవరి వంటలు వాళ్ళు తెచ్చి పెట్టారు. మా ఆవిడ పెద్ద ట్రే నిండా పులిహోర తెచ్చింది. ఒక ముసలాయన రెండోసారి వడ్డించుకుంటూ, "ఈ పచ్చన్నం ఏ చర్చి వాళ్ళదమ్మా?" అని అడిగాడు.

అక్కగారిని చక్రాల కుర్చీలో అన్న సమాధి పక్కన కూచోబెట్టారు. పెద్దావిడ గిటారు అందుకుంది. మొదటి వరసలో బొటనవేలు తడబడింది. అక్క ఎటో చూస్తోంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తడబడింది. ఒక్కరూ నావైపు చూడలేదు, అదే నేను భరించలేకపోయాను. మూడోసారి వేలు తీగ మీద పడి నిలబడింది. లావు తీగ మీంచి పాట లేచింది.

అక్కగారి తల తిరిగింది. పెదాలు కదిలాయి. తర్వాత గొంతు. సన్నగా, గీరుకుపోతూ మొదలై, రెండో చరణానికి నిండింది. ఒక్క మాట తడబడలేదు. నీళ్ళని నీళ్ళు అనలేని మనిషి చరణం తర్వాత చరణం, అన్ని మాటలూ, వాటి మధ్య ఊపిరులతో సహా పాడింది. నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. నా చేతిలో కాగితపు ప్లేటు ఒరిగిపోతుంటే మా ఆవిడ పట్టుకుని, "ఏమండీ, ప్లేటు" అంది మెల్లగా. తన కళ్ళూ తడిగా ఉన్నాయి.

నేను ఇంకా తేరుకోలేదు. పెద్దావిడ లేచి నిలబడి, "ఇప్పుడు మా మాస్టారు నేర్పిన పద్ధతిలో ఒకటి" అని ప్రకటించింది. నన్ను వేలెత్తి చూపించింది. కళ్ళు మూసుకుని, తలూపుతూ, కోడి గింజలు ఏరుకున్నట్టు రెండు వేళ్ళతో వాయించింది. మధ్యలో ఆపి, తన బొటనవేలిని ఎడమచేత్తో ఒక్కటి కొట్టి మళ్ళీ మొదలెట్టింది. కొండ కొండంతా నవ్వింది. అక్కగారు కూడా నవ్వింది. జపాన్ మాస్టారు నవ్వొచ్చో లేదో తెలియక నావైపు చూసి, నేను నవ్వాక నవ్వాడు.

ఆ రోజు నుంచి ఊళ్ళో నా పేరు పోయింది. పోస్టాఫీసులో ప్రొఫెసర్, పెట్రోలు బంకులో ప్రొఫెసర్. ఒకసారి కారు జోరుగా నడుపుతున్నానని పోలీసు ఆపి, "ప్రొఫెసర్, లయ కాస్త తగ్గించండి" అని వదిలేశాడు.

ఆకులు రాలే కాలానికి కీలు మళ్ళీ వాచింది. వచ్చే జూన్‌కి పనిచెయ్యాలంటే చలికాలమంతా బొటనవేలికి విశ్రాంతి కావాలి, కానీ కట్టు కట్టకూడదు. ఖాళీగా ఉంచితే ఆ చెయ్యి ఊరుకోదు, గిటారు మీదికి పోతుంది. బాగా ఆలోచించి మందు రాశాను: వారానికి రెండుసార్లు మా ఇంట్లో వీణ.

పెద్దావిడని సోఫాలో కూచోబెట్టి, ఎదురుగా పొట్టి బల్ల మీద వీణ పెట్టి, మొదటి సరళీ వరస చెప్పాను. అరవై ఏళ్ళుగా గిటారు చెక్క మీద ఆనుకుని కూచోవడమే తప్ప పనెరగని చిటికెనవేలు తాళం తీగ మీద ఎప్పుడు పడాలో అప్పుడు పడేది కాదు. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి.

"పాట ఎప్పుడు, డాక్టర్?"

"ముందు ఇది రానివ్వండి."

"పాపం అండీ, రెండో వరసైనా చెప్పండి," అంది మా ఆవిడ కాఫీ తెచ్చి.

"క్లాసు మధ్యలో మాట్లాడకు."

మార్చిలో రేడియో నుంచి ఒకాయన టేపు రికార్డరుతో మా ఇంటికే వచ్చాడు, పాఠం సమయానికి. ఈవిడ చేతి లయకి అడుగులేస్తూ రెండు తరాలు పెరిగాయని మైకులో ముందే చెప్పుకున్నాడు. ఈ మధ్య ఏం వాయిస్తున్నారని అడిగాడు.

"నేనిప్పుడు విద్యార్థిని," అంది పెద్దావిడ. "మా మాస్టారిని అడగండి."

మైకు నావైపు తిరిగింది. గొంతు సవరించుకున్నాను.

"మంచి మనిషి. కష్టపడుతుంది," అన్నాను. "తాళమే ఇంకా నిలవడం లేదు."

ఆ శనివారం పొద్దున అది కొండల్లో ఇంటింటా వినిపించింది.