రిబ్కాకు సంబంధం

మానవపాడులో యోసేపు ఇల్లెక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. ముంగిట్లో ఒంటె ఉన్న ఇల్లు ఊరు మొత్తానికి అదొక్కటే. క్రిస్మస్‌కు చుట్టుపక్కల ఏ చర్చివాళ్లు ఊరేగింపు తీసినా ముగ్గురు జ్ఞానుల్లో ఒకరు ఎక్కేది దాన్నే. మిగతా ఇద్దరు జ్ఞానులూ నడవాల్సిందే. జాతరల్లో పిల్లలను ఎక్కించుకుని తిరిగి ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేదీ అదే. బైబిల్లో ఒంటెలకు నీళ్లు తోడిన పిల్ల పేరే దానికి పెట్టుకున్నాడు, రిబ్కా అని.

యోసేపు నాయన యేసయ్య ఎప్పుడో కొత్తకోట దగ్గర దిగిన ఎడారివాళ్ల నుంచి ఒక జంటను కొన్నాడు. ఆ జంటకు పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. అన్నాచెల్లెళ్లనే కలిపారు. ఇంకో ఒంటె ఎక్కడుంది గనక? మొదట్లో పుట్టినవి బాగానే బతికాయి. పోను పోను బతకడం మానేశాయి. దిష్టి అనుకున్నారు, ప్రార్థనలు పెట్టించారు. నిరుడు రిబ్కా అన్న కూడా పోయింది. అప్పటికే రిబ్కా దానివల్ల చూలు కట్టి ఉంది.

ఈసారి పుట్టిన పిల్లకు ముందుకాళ్లు మడతపడి ఉన్నాయి. పశువుల డాక్టరు నవనీత వచ్చి, వంగి చాలాసేపు చూసింది.

"ఒకటే రక్తం యోసేపన్నా. తల్లిల ఉన్న లోపమే తండ్రిల ఉంటే పిల్లకు రెండు దిక్కులకెళ్లి వస్తది. దీనికి బయటి మగ ఒంటెను చూడు. వయసైపోతుంది, ఇంకొక్క ఈతకంటే ఎక్కువ ఈనదు."

"రాజస్థాన్‌కు పోయి తెస్త మేడం."

"ఆడికెళ్లి బయటికి తేనియ్యరు, చట్టముంది. ఇక్కడనే ఎక్కడన్నా వెతుకు."

ఆమె వెళ్లాక బాలమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "మన బిడ్డ నవ్యకు సంబంధమొస్తే ముందల ఇంటిపేరేందని అడిగినవ్. ఇద్దరిదీ ఒకటే అనంగనే పిలగాడు మంచోడైనా వద్దన్నవ్. గీ మూగజీవానికి ఎందుకు అడగలే?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పట్టుకోవడానికి ఆకులైనా దొరకాలి కదా!

దొరికినట్టే ఉంది. లారీ నడిపే లింగయ్య ఫోన్ చేసి, కల్వకుర్తిలో వెంకటన్న అనే ఆయన దగ్గర మగ ఒంటె ఉందన్నాడు. పిల్ల గడ్డం కింద గోనెసంచి మడిచిపెట్టి, బాలమ్మకు అప్పగించి, యోసేపు తెల్లారే బస్సెక్కాడు. దారంతా దేవుడితో బేరమే. ఈ ఒక్కటి దక్కనివ్వు, ఇంకేమీ అడగను.

వెంకటన్న దొడ్లో ఒంటె కొండలా నిలబడి ఉంది. బలమైన కాళ్లు, నోటి నిండా మదపు నురగ. యోసేపు ప్రాణం లేచి వచ్చింది. మెడ నిమిరాడు, వీపు నిమిరాడు. తొడ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కడ కాల్చిన సిలువ గుర్తు ఉంది.

తన ఇంట పుట్టిన ప్రతి ఒంటెకూ యేసయ్య వేసిన గుర్తు అది.

"మా నాయిన గద్వాల జాతరల కొన్నడే, పాలు మరువంగనే," అన్నాడు వెంకటన్న. "ఎవరో యేసయ్యంట, శాన మంచోడంట."

"ఇంకెక్కడన్నా ఉన్నయా అన్నా?"

"వనపర్తిల ఒకటుండె, నాగర్‌కర్నూల్ల ఒకటుండె. రెంటికీ గిదే సిలువ. రెండూ సచ్చినయ్. ఎందుకన్నా, పరేషానైతున్నవ్?"

యోసేపు ఆ దొడ్లోనే కూలబడి, పరాయి మనిషి ముందు పసిపిల్లాడిలా ఏడ్చాడు. చచ్చిపోయిన తండ్రి మీద జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరికి చూపాలో తెలియలేదు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. బాలమ్మ వాకిట్లో పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పిలగాడు దొరికిండా?"

"దొరికిండు. ఇంటిపేరు మనదే."

బాలమ్మ గోనెసంచి తీసి, చల్లబడ్డ పిల్ల ముఖం మీద కప్పింది. రిబ్కా మెడ వంచి, ఆ సంచిని మూతితో పక్కకు తోస్తూ పిల్లను లేపుతూనే ఉంది.