మా బాస్ సన్న పడవకి మావయ్య చెప్పిన సలహాలు

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ముందు సంవత్సరాల్లో గల్ఫ్‌లోని అల్ రయ్యాన్‌లో స్టేడియం చుట్టూ రోడ్లు వేసే కంపెనీలో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పనిచేశాను. ఇంజనీర్లు రాసే ప్రతి కాగితానికీ, గీసే ప్రతి డ్రాయింగుకీ నంబరు వేయడం, అది మారినప్పుడల్లా రివిజన్ ఒకటి, రివిజన్ రెండు అని గుర్తులు పెట్టడం, పాతది ఎవరి చేతికీ చిక్కకుండా చూడడం నా పని. నంబరు లేని కాగితం కనిపిస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు పొద్దున మా బాస్ బల్ల మీద అలాంటి కాగితమే కనిపించింది. బల్ల నిండా పరిచిన మ్యాపు, దాని మీద వంకరటింకర నీలం గీతలు.

"ఇది వాననీటి డ్రైనేజీదా సార్? దీనికి నంబరు పడలేదు," అన్నాను.

ఆయన మా ప్రాజెక్ట్ మేనేజర్, ఇంగ్లండు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. కాంక్రీటు లారీ ఆలస్యమైతే తప్ప గొంతు పెంచడు. ఆ రోజు మాత్రం దొంగతనం చేస్తూ దొరికినట్టు చూశాడు. "ఇది మా దేశంలో కాలవల మ్యాపు. నేనొక పడవ కొన్నాను," అన్నాడు.

ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఏడడుగుల వెడల్పు, దాదాపు అరవై అడుగుల పొడవు. రైలుపెట్టెని ఎవరో రెండు పక్కలా నొక్కి నీళ్ళలో వదిలినట్టుంది. వంటిల్లు, మంచం, స్నానాలగది అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయి. వచ్చే సెలవులో భార్యతో కలిసి మూడు వారాలు దాంట్లోనే ఉంటూ కాలవల్లోనూ, మధ్యలో ఒక నది మీదా తిరగాలని ఆయన కోరిక. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు పడవ నడపలేదు.

"మిగతావి ఎలాగో నేర్చుకుంటాను. లాకులంటేనే భయంగా ఉంది," అన్నాడు.

అక్కడ నేను ఊరుకోవలసింది. "మా ఊళ్ళో లాకులున్నాయి సార్. మా మావయ్య ఉద్యోగమంతా వాటి మీదే చేశాడు," అన్నాను.

అందులో అబద్ధం ఏమీ లేదు. మాది గోదావరి కాలవల వైపు. ఎగువ నీళ్ళ నుంచి దిగువ నీళ్ళలోకి పడవ మెల్లగా దిగడానికి రెండు జతల తలుపుల మధ్య కట్టిన రాతిగదిని మా వైపు లాకు అంటారు. మా మావయ్య అక్కడ కళాసీ, అంటే ఆ తలుపులు తెరిచి మూసే మనిషి. నా సంగతి వేరు. కాలేజీ బస్సులో వాటి మీంచి వెళ్ళడం తప్ప నాకేమీ తెలియదు. నా లెక్కన లాకులంటే మిరపకాయ బజ్జీలు బాగుండే బస్టాపు.

బాస్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మధ్యాహ్నానికల్లా యాత్రకి ఒక ప్రణాళిక తయారైంది. ఏ రోజు ఏ లాకు, ఒక్కో లాకుకి ఎన్ని నిమిషాలు, ఏది ఆలస్యమైతే ఏది వెనక్కి పోతుంది అన్నీ గీతలు గీసి పెట్టాడు. మేం రోడ్లకి వేసే చార్టు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ప్రమాదాల జాబితాలో వాన, హంసలు, భార్యతో అభిప్రాయభేదం అని మూడు రాశాడు. నేను దానికి నంబరు వేసి రివిజన్ సున్నా అని పెట్టాను.

అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన రిటైరై చాలా కాలమైంది. పడవలు తిరగడం మానేశాక తన లాకుల గురించి అడిగిన మనిషే లేడు. అందుకని నా మాట పూర్తిగా విననే లేదు.

"రోజుకి ఎన్ని లాకులు దాటుతాడంట మీ దొరగారు?"

"పద్నాలుగు, మావయ్యా."

"కాళ్ళు చేతులు ఉండాలా వద్దా అంట? అందులో సగం చేసి, మధ్యాన్నం చెట్టు కింద పడవ కట్టేసి పడుకోమను. ఒకటడుగుతాను చెప్పు. కాలవ ఎప్పుడు కట్టేస్తారో కనుక్కున్నాడా?"

మా వైపు వేసవిలో మరమ్మతులకి కాలవ నీళ్ళు ఆపేస్తారు. ఆదివారం ఆ మాట చెబితే బాస్ నవ్వి, తమ దేశంలో మరమ్మతులు చలికాలంలో చేస్తారన్నాడు. అయినా కంప్యూటర్‌లో వెతికాడు. చాలాసేపు వెతికాడు. ఆయన దారిలో ఎనిమిదో రోజు దాటవలసిన లాకుకి తలుపు విరిగిందట. బాగయ్యేదాకా ఆ కాలవలో రాకపోకలు లేవు.

"మీ మావయ్యకి ఎలా తెలిసింది?" అని అడిగాడు.

"ఆయనకి అనుభవం సార్," అన్నాను. రివిజన్ ఒకటి వచ్చింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మావయ్య చెప్పడం, ఆదివారం నేను దాన్ని ఇంగ్లీషులో టైపు చేసి ఇవ్వడం. లాకులో నీళ్ళు దిగేటప్పుడు తాడు గట్టిగా ముడి వేయకూడదు, చేత్తో పట్టుకుని కొంచెం కొంచెం వదలాలి, లేకపోతే నీళ్ళు కిందికి పోయి పడవ గోడకి వేలాడుతుంది. ఎగువ తలుపు కింద నీళ్ళలో రాతి అరుగు ఉంటుంది, దాని మీద పడవ వెనక భాగం కూర్చోకుండా ముందుకి జరుపుకోవాలి. గోడకీ పడవకీ మధ్య చెయ్యి పెట్టకూడదు. కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి పోయేటప్పుడు నడిచేవాడికంటే నెమ్మదిగా పోవాలి. నది మీద పడవ కట్టేటప్పుడు ముక్కు ప్రవాహానికి ఎదురుగా ఉంచాలి. వాన పడ్డ మర్నాడు నదిలోకి దిగకూడదు. లాకు కళాసీకి ముందు టీ ఇప్పించాలి.

చివరిది బాస్‌కి కొరుకుడు పడలేదు. వాళ్ళ దేశంలో చాలా లాకులకి కళాసీలు ఉండరట, ఎవరి తలుపులు వాళ్ళే తోసుకోవాలట. ఈ సంగతి మావయ్యకి చెప్పాను. "మనిషి లేని లాకేంటే," అన్నాడు.

చుక్కాని సంగతి మాత్రం ఫోన్‌లో తేలలేదు. చుక్కాని కర్ర ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి పోతుంది. అది బాస్‌కి లెక్కల్లో అర్థమైంది కానీ చేతికి పట్టుబడలేదు. దాన్ని తేల్చినవాడు మా ట్రేలర్ డ్రైవర్. జగిత్యాల వైపు మనిషి, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో ఉంటాడు. డెలివరీ కాగితాలు ఇవ్వడానికి వచ్చి మా గొడవంతా విన్నాడు.

"అక్కా, గిదేంది, ట్రేలర్ రివర్స్ కొట్టుడే గదా. స్టీరింగ్ ఇటు తిప్పితె ఎనక డబ్బా అటు పోతది. సారుకు నేను నేర్పుత," అన్నాడు.

అలా సైటు వెనక ఖాళీ స్థలంలో లాకు వెలిసింది. రోడ్డు పక్కన పెట్టే ఎర్రటి ప్లాస్టిక్ అడ్డుగోడల్ని రెండు వరసలుగా పేర్చి, మధ్యలో ఒక తోపుడు బండి వెడల్పు మీద జానెడు చోటు వదిలాం. ఆ రోజు వాడని పొడవాటి తోపుడు బండి పడవ అయింది. బాస్ దాని వెనక భాగంలో చీపురు కర్ర చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. టీ విరామంలో ఉన్న నలుగురు పనివాళ్ళు సరదాకి తోయడానికి ఒప్పుకున్నారు. కర్ర ఎడమకి పోతే వాళ్ళు బండిని కుడికి తిప్పాలి. నేను కాగితం పట్టుకుని మావయ్య మాటలు చదవాలి.

"యల్లా, స్లో, స్లో," అన్నాడు డ్రైవర్. "సార్, ఆగే మత్ దేఖో, పీఛే దేఖో." అని నావైపు తిరిగి, "ముందట సూసెటోడు ట్రేలర్ నడపలేడక్కా," అన్నాడు.

మూడోసారి బండి గోడలకి తగలకుండా లోపలికి వెళ్ళింది. బాస్ మొహంలో అంత సంతోషం స్టేడియం దారి మొదటి కిలోమీటరు పూర్తయినప్పుడు కూడా చూడలేదు. సరిగ్గా అప్పుడే క్లయింటు తరఫు సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ మూల తిరిగి వచ్చాడు. ఆయన నవ్వగా సైటులో ఎవరూ చూడలేదు.

ఆయన అడ్డుగోడల్ని చూశాడు, బండి మీద నిలబడ్డ ప్రాజెక్ట్ మేనేజర్ని చూశాడు, చీపురు కర్రని చూశాడు.

"ఇది ఏ పని?" అని అడిగాడు.

"రిహార్సల్," అన్నాడు బాస్.

"కాగితాలు ఉన్నాయా?"

ఉన్నాయి కదా. నంబరూ, తేదీ, రివిజన్ నాలుగు అన్నీ పద్ధతిగా ఉన్న కాగితం నా చేతిలోనే ఉంది. ఇవ్వక తప్పలేదు. ఆయన నిలబడే మొదటినుంచి చివరిదాకా చదివాడు. "తలుపులు తెరిచే ముందు రెండు వైపులా నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూడాలి" అన్న చోట ఆగి, ఎండిపోయిన నేలనీ, ఎర్రటి గోడల్నీ ఇంకోసారి చూశాడు. పనివాళ్ళు బండి వదిలేసి నాలుగు దిక్కులా పని చేస్తున్నట్టు నటించడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

బాస్ బండి దిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. పడవ ఫొటో కూడా చూపించాడు. ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఆ ఫొటో చూసి, జేబులోంచి పెన్ను తీసి, కాగితం కింద ఏదో రాసి నాకు తిరిగి ఇచ్చాడు. "లైఫ్ జాకెట్ల ప్రస్తావన లేదు. సరిచేసి మళ్ళీ సమర్పించవలెను" అని ఉంది. అదే మొహంతో వెళ్ళిపోయాడు. ఆయన చెప్పింది నిజమే. మావయ్యకి ఈత వచ్చు కాబట్టి ఆయనకి తట్టలేదు, నాకు లైఫ్ జాకెట్ అనే వస్తువే గుర్తు రాలేదు. రివిజన్ అయిదులో చేర్చాను.

స్టేడియం గడువు దగ్గరపడి సెలవు రెండుసార్లు వెనక్కి పోయింది. చివరికి ఒక మే నెలలో బాస్ వెళ్ళాడు. వెళ్ళిన నాలుగో రోజు మా భోజనాల వేళకి వీడియో కాల్ చేశాడు. మొదటి లాకు ముందున్నాడట, మావయ్యని కూడా కలపమన్నాడు. అలా ఇంగ్లండు కాలవలో బాసూ, అల్ రయ్యాన్ క్యాబిన్‌లో నేనూ, మా ఊళ్ళో మధ్యాహ్నం నిద్రలోంచి లేచిన మావయ్యా ఒకే ఫోన్‌లో కనిపించాం. నా వెనక నిలబడి డ్రైవర్ కూడా చూస్తున్నాడు.

"ఇదా లాకు?" అన్నాడు మావయ్య. "మా పశువుల రేవు ఇంతకంటే వెడల్పు."

ఆ మాట నేను అనువాదం చేయలేదు.

పడవ లోపలికి వెళ్ళింది. ఎక్కడా గోడకి రాసుకోలేదు. డ్రైవర్ నా కుర్చీ మీద చేత్తో కొట్టి, "సూసినవా అక్కా, ఎనక సూస్తుండు," అన్నాడు. బాస్ ఫోన్‌ని ఎక్కడో ఆనించి గట్టెక్కి నీళ్ళు వదలడం మొదలుపెట్టాడు. ఆయన భార్య పడవలో నిలబడి ఉంది. నీళ్ళు దిగుతున్నాయి. ముందు తాడు మాత్రం గట్టు మీది గుంజ చుట్టూ తిప్పి, పడవ ముక్కు మీది కొక్కేనికి మూడు చుట్లు చుట్టి ముడివేసి ఉంది.

"తాడే, తాడు," అని మావయ్య మంచం మీంచి లేచిపోయాడు. "వదలమను. పడవ వేలాడిపోద్ది. వదలమనవే."

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆవిడ తాడు వైపు చూసి, ముందుకి పరిగెత్తి, ముడి లాగేసి, తాడు చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలింది. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ గొంతు వింటే ఎవరికైనా అర్థమవుతుంది. బాస్ మాత్రం కంగారులో చేతిలో ఉన్న ఇనప హ్యాండిల్, లాకు తలుపుల్లోంచి నీళ్ళు వదిలే షట్టర్లు తిప్పేది, కాలవలో జారవిడిచాడు.

"ఇంకోటుందా?" అని అడిగాడు మావయ్య.

లేదు. సగం తెరిచిన షట్టరు మూయకుండా కదలకూడదు కాబట్టి వాళ్ళు అక్కడే గంటన్నర కూర్చున్నారు. వెనకనుంచి వచ్చిన పడవలో ముసలి దంపతులు తమ దగ్గరున్న రెండో హ్యాండిల్ ఇచ్చారు. ఆవిడ వాళ్ళకి టీ పెట్టి ఇచ్చింది. ఆ రోజునుంచి చుక్కాని బాస్ చేతిలో, లాకులూ తాళ్ళూ ఆవిడ చేతిలో ఉండేలా పని పంచుకున్నారు. ఎప్పుడు ఆగాలో కూడా ఆవిడే చెప్పేదట. చార్టు పడవలో సొరుగులో ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత బాస్ మెడ ఎర్రగా కాలి, పొట్ట కొంచెం తగ్గి తిరిగొచ్చాడు. అనుకున్న దూరంలో మూడో వంతే వెళ్ళగలిగారట. వాన పడిందని నది ఒడ్డున రెండు రోజులు కట్టేసి కూర్చున్నారట. అవే అన్నిటికంటే మంచి రోజులట. డ్రైవర్ మ్యాపు మీద వేలుపెట్టి ఎక్కడినుంచి ఎక్కడికో అడిగి తెలుసుకున్నాడు.

"అంటె ఈడికెల్లి అల్ ఖోర్ పొయ్యొచ్చినంత. నేను భోజనం టైముకు పొయ్యొస్త. మూడు వారాలు ఏం జేసిన్రు సారూ?"

నేను ఇంగ్లీషులో అడిగాను. బాస్ నిజాయితీగా ఆలోచించాడు.

"బాతుల్ని చూశాం," అన్నాడు.

డ్రైవర్ తలూపి కాగితాలు అందుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "అక్కా, ఆ బోటుకు డ్రైవర్ గిట్ల కావాల్నేమో అడుగు," అన్నాడు.