వైవా నాడు వరండాలో రెండో టీ

మా ఇంట్లో దెయ్యాల కథలు చెప్పుకునే అలవాటు లేదు. నౌపడ దగ్గర బాప్టిస్టు సంఘంలో తరాలుగా ఉన్న కుటుంబం మాది. చీకటంటే భయమేస్తే ప్రార్థన చేసుకుని పడుకోమనేవారు, అంతే. ఎవరైనా తమకు ఏదో కనిపించిందని చెబితే, పాపం నిద్ర సరిపోలేదేమో అనుకునేదాన్ని. ఇది చదివి నా గురించీ ఎవరైనా అలాగే అనుకుంటే తప్పు పట్టను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. మామూలుగా మాట్లాడేటప్పుడు తక్కువే గానీ, నలుగురూ నా వైపు చూస్తే మాట గొంతులోనే ఆగిపోయేది. ఆ ఆగిన మాటను బయటికి లాగడం నేర్పింది మా సువార్తమ్మ పెద్దమ్మ. మా అమ్మకు అక్క. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఎప్పుడూ తెల్లచీర, కళ్లజోడు. సాయంత్రం గుమ్మంలో కూర్చోబెట్టి నాచేత గట్టిగా చదివించేది. ఎక్కడైనా ఆగిపోతే తిట్టేది కాదు, తను మాట అందించేదీ కాదు. గొంతు సవరించి, పెద్దగా ఊపిరి వదిలేది. నేనూ వదిలేదాన్ని. మాట కదిలేది.

డిగ్రీ అయ్యాక పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో హాజరు వేసే పనికి చేరాను. గింజలు కొట్టే ఆడవాళ్లు తమ గోడు చెప్పుకోవడానికి నా దగ్గరకే వచ్చేవారు. బహుశా నేను మధ్యలో మాట్లాడకుండా వినేదాన్ని కాబట్టేమో. ఈ పనికి ఒక చదువు ఉందని, దాన్ని హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారని, శ్రీకాకుళంలో పీజీ చేయవచ్చని తెలిసి ఉద్యోగం మానేసి చేరాను. మాట రాని పిల్ల మాటలతో బతికే చదువు ఎంచుకుందని బంధువులు నవ్వారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

మొదటి సెమినార్‌లోనే 'గ్రీవెన్స్' (కార్మికుల ఫిర్యాదు) అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎంతసేపటికీ రాలేదు. కూర్చుండిపోయాను. కార్మిక చట్టాలు, వేతనాల లెక్కలు, శిక్షణ పద్ధతులు, ఏది రాయమన్నా రాసేదాన్ని. నిలబడి చెప్పమంటేనే మాట ఆగేది. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు మీద వైవా ఉంటుంది. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదుట మాట్లాడాలి. అది పోతే ఇక చదువు మానేసి ఇంటికి వెళ్లిపోదామని లోపల నిశ్చయించుకున్నాను. ఆ మాట పెద్దమ్మకు ఒక్కదానికే చెప్పాను.

"నేనొస్తానే. బయట బల్ల మీద కూకుంటాను. నువ్వు లోపల సెప్పు, నేను ఇంటాను" అంది. అప్పటికి తను మా యూనివర్సిటీ గేటు కూడా చూసి ఉండలేదు.

వైవా ఇంకా కొద్ది రోజులుందనగా పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మా అన్నయ్య విజయనగరంలో ఉంటాడు కాబట్టి అక్కడి ఆసుపత్రిలో చేర్చాడు. తీరా చూస్తే ఆపరేషను పెట్టిన రోజూ నా వైవా రోజూ ఒకటే అయింది. వైవాకి వెళ్లనని ఫోన్లో ఏడ్చాను.

"నాకు కత్తెట్టేది డాక్టరు. నువ్వొచ్చి ఏటి సేస్తావే? ఎల్లి నీ పని సూసుకో" అని పెట్టేసింది.

ఆ రోజు డిపార్ట్‌మెంట్ వరండాలో బల్ల మీద నేను ఒక్కదాన్నే ఉన్నాను. నా ముందు పేర్లవాళ్లవి అయిపోయాయి. మిగిలినవాళ్లు భోజనానికి వెళ్లారు. పెద్దమ్మను థియేటర్‌లోకి తీసుకెళ్లారని అన్నయ్య మెసేజ్ పెట్టాడు. చదివి ఫోన్ ఆపేశాను.

అటెండరు అప్పన్న లోపల సార్లకు టీ ఇచ్చి బయటికి వచ్చాడు. నాకో కప్పు ఇచ్చి, ఇంకో కప్పు నా పక్కన బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎవరి కోసమో అనుకున్నాను. అంతలో నన్ను పిలిచారు.

ఎగ్జామినర్ పెద్దాయన, నెమ్మదస్తుడు. "ఈ అంశం ఎందుకు తీసుకున్నావమ్మా?" అని అడిగారు. నా ప్రాజెక్టు జీడి ఫ్యాక్టరీలో ఆడకూలీల గైర్హాజరు గురించి. జవాబు నాకు తెలుసు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఆయన తల దించుకుని కాగితాలు తిప్పారు. నా గైడ్ కిటికీ వైపు చూశారు.

అప్పుడు వెనకాల, తెరిచి ఉన్న తలుపు అవతలి నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. తరువాత పెద్దగా ఊపిరి వదిలారు.

ఆ చప్పుడు నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూడాలన్న ఆలోచనే రాలేదు. నేనూ ఊపిరి వదిలాను. మాట వచ్చింది.

ఇక ఆగలేదు. జీడిగింజ తొక్కలోని జిడ్డు వేళ్లను కాల్చేస్తుందని, చర్మం ఊడి మళ్లీ వచ్చేదాకా అన్నం కూడా కలుపుకోలేరని, ఆ రోజులే హాజరు మస్టర్‌లో 'కారణం లేని గైర్హాజరు' అయిపోతున్నాయని చెప్పాను. చేతులకు తొడుగులిచ్చి, పుండ్లు మానేదాకా ప్యాకింగ్‌లో వేస్తే వాళ్లు పనికి రావడం ఆపరని చెప్పాను. ఎగ్జామినర్ కలం కింద పెట్టి విన్నారు. చివర్న, "ఆ ఫ్యాక్టరీ వాళ్లకి కూడా ఇలాగే చెప్పమ్మా" అన్నారు.

బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీ. రెండో కప్పు కూడా ఖాళీ.

అప్పన్న కప్పులు తీస్తూ, "మామ్మగారు ఎల్లిపోనారేటమ్మా?" అన్నాడు.

"ఏ మామ్మగారు?"

"మీతో వచ్చినావిడండి. తెల్లసీర, కళ్లజోడు. అల్లం ఎక్కువేసీసినావు బాబూ అన్నారు గానీ, మొత్తం తాగీసినారు."

ఫోన్ ఆన్ చేసి అన్నయ్యకు చేశాను. పెద్దమ్మ ఇంకా థియేటర్‌లోనే ఉందన్నాడు. నేను అక్కడే బల్ల పట్టుకుని కూర్చున్నాను. తను పోయిందేమోనని భయం. సాయంత్రం అన్నయ్య మళ్లీ ఫోన్ చేసి, బాగానే అయిందని, కళ్లు తెరిచిందని చెప్పేదాకా ఆ భయం వదల్లేదు.

మర్నాడు విజయనగరం వెళ్లాను. వైవా సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ నన్ను చూడగానే, "సేతుల సంగతి బాగా సెప్పినావే" అంది.

"నీకెలా తెలుసు?"

"ఇన్నాను కదేటి" అని, తనే ఆగిపోయింది. "ఎక్కడిన్నానో తెలవడం నేదే. గొంతులో మాత్రం అల్లం మంట ఉన్నాది."

అన్నయ్య నవ్వాడు. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేస్తారని, ఆ మంటేనని అన్నాడు. వేళ్ల సంగతి ఎప్పుడో నువ్వే చెప్పి ఉంటావన్నాడు. చెప్పి ఉండవచ్చు. అప్పన్న చూసింది వేరే ఎవరి మామ్మనో అయి ఉండవచ్చు. ఆ చప్పుడు నా భయం పుట్టించినదే కావచ్చు. అన్నీ ఒప్పుకున్నాను.

నేను పాసయ్యాను. భోగాపురం వైపు ఒక కంపెనీలో హెచ్.ఆర్. విభాగంలో చేరాను. పట్టా తీసుకునే రోజున పెద్దమ్మ వస్తానంటే కారులో తీసుకెళ్లాను. చేతికర్రతో, నా భుజం పట్టుకుని వరండా ఎక్కింది. యూనివర్సిటీలో అడుగు పెట్టడం తనకు అదే మొదటిసారి.

ఫైళ్లు మోసుకుని ఎదురొచ్చిన అప్పన్న ఆగిపోయాడు. నన్ను కాదు, తననే చూసి నవ్వాడు.

"మామ్మగారూ, బాగున్నారేటండి? ఆవేళ సక్కగా నడిసీసినారు కదా, ఈ కర్ర ఏటండి?"

పెద్దమ్మ నా భుజం మీది చెయ్యి గట్టిగా బిగించింది. నేను తన ముఖంలోకి చూశాను. తను నా ముఖంలోకి చూసింది. ఇద్దరికీ కళ్లు తడిసాయి.

ఇప్పటికీ దీనికి నా దగ్గర వివరణ లేదు. మా పాస్టరుగారిని అడగలేదు, డాక్టర్లనీ అడగలేదు. పెద్దమ్మ ఉంది, నెమ్మదిగా నడుస్తోంది, ఆదివారం చర్చికి వెళ్లి గట్టిగా పాడుతోంది. నేను రోజూ మనుషులతో మాట్లాడి జీతం తీసుకుంటున్నాను. ప్రార్థనలో ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి, దానికి ఏ పేరూ పెట్టకుండానే కృతజ్ఞతలు చెప్పుకుంటాను.