మార్కరు మూత

మార్కరుకి మూత పెట్టే చప్పుడు వింటే ఇప్పటికీ ఆవిడే గుర్తొస్తుంది. తెనాలిలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాకు సీనియరు. సూర్యలంకలో చేపలమ్మే ఆడవాళ్ళ కోసం మేం యాప్ తయారుచేస్తున్న రోజులవి. మీటింగు మొదలవగానే ఓనరుగారు బోర్డు దగ్గరికెళ్ళి, యాప్‌లో ఏమేం పెట్టాలో రాయబోయేవారు. ఆవిడ లేచి, ఆయన చేతిలోని మార్కరు తీసుకుని మూత పెట్టేసేది.

"వాడేవాళ్ళని అడిగారాండి? ముందు వాళ్ళకేం కావాలో తెలియాలి కదా!"

ఆయన విసుక్కునేవారు. ఆవిడ మాత్రం సూర్యలంక వెళ్ళి, ఫోన్లో రికార్డింగు పెట్టి, ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేది. జవాబు ఎంతకీ రాకపోయినా మాట అందించేది కాదు.

"తొందరపెడితే మనకి నచ్చేదే చెప్తారు" అనేది నాతో.

పోయినేడు జ్వరమని ఆస్పత్రిలో చేరిన మనిషి ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆవిడ జ్ఞాపకార్థం ఏం చేద్దామని ఆఫీసులో మీటింగు పెట్టారు. ఫోటో, సభ, ఆవిడ పేరు మీద బహుమతి అంటూ తలా ఒకటి చెబుతున్నాం. బోర్డు మీద రాస్తున్న ఓనరుగారు ఉన్నట్టుండి ఆగి, మార్కరుకి మూత పెట్టారు.

"వాళ్ళాయన్ని అడిగామా?"

బాపట్లలో వాళ్ళింటికి వెళ్ళి అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట అందించలేదు.

"ఇంట్లో అన్నీ ఫోటోలేనండి. తన గొంతు ఎక్కడైనా ఉంటే ఇస్తారా?"

సూర్యలంక రికార్డింగులు ఆఫీసులో ఉన్నాయి. మర్నాడు నా ఫోన్లో వేసుకెళ్ళి వినిపించాను. సముద్రపు హోరులో ఆవిడ ఎవరినో అడుగుతోంది.

"చెప్పు పిన్నీ, నీకేం కావాలి?"

ఆ తర్వాత హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆయన ఏదో చెప్పబోయి, ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు.